కనుఱెప్ప కానరాని దూరము

జ్యేష్ఠమాసము కడముట్టి యాషాఢమేఘములు పడమటికొండల శిఖరములవెనుకనుండి తలలెత్తి తొంగిచూచుచున్న యొకానొక యపరాహ్ణమున నిదాఘతాపదగ్ధతృణకాష్ఠకపిలవర్ణములైన నల్లగుండ్ల కనుమలయందు గాలి యొక్క దిక్కున నిలువక యొకపరి తూర్పునకును నొకపరి దక్షిణమునకును బొరలుచు మోదుగుల యెండుటాకులను లేపి లేపి పడవైచుచుండెను. వాన వచ్చునో రాదో యెవ్వరికిని దెలియదు. విహంగములు గూఁటికిఁ బోవలయునో మేఁతకుఁ బోవలయునో నిశ్చయింపఁజాలక కొమ్మనుండి కొమ్మకు దాఁటుచుండెను. పశువులు మేయుట మాని పడమటివైపునకు మోరలెత్తి నిలిచియుండెను. అట్టి దినమున వేఁటకుఁ బోరాదని నల్లగుండ్లపాళెపు బోయలలోఁ దల నెరసిన వారందఱు నెఱుఁగుదురు. అయినను నింటికి వచ్చిన చుట్టములయెదుటఁ దమ ఘనత చూపుకొనవలయునను వేడుక పుట్టినపుడు పెద్దల మాట గాలికిఁ బోవుట యన్ని పాళెములయందును గల వాడుకయే.

ఆ పాళెమునకు ఱాతికోట లేదు. విలుకాండ్రే దాని కోట. ఆ విలుకాండ్రకు నాయకుఁడు గాదిలింగనాయఁడు. అతఁడు దీర్ఘబాహుఁడు విశాలవక్షుఁడు మితభాషి. నడివయసు దాఁటి కొంతకాలమయ్యెనుగాని విల్లెక్కిడునపు డతని భుజమున నొక్క నరమైనను వడఁకదు. అతని యమ్ము దగిలిన మృగ మడవిలో దిక్కులేక పడి కుళ్లినదన్న మాట యంతవఱకు వినఁబడియుండలేదు. ఆ పాళెమున వేఁటకు విధులు పెక్కులున్నను వానిలో రెండు మాత్రము పాలుత్రాగు బిడ్డలకును దెలియును. మృగముయొక్క కనుఱెప్ప వాలుట తన కంటికిఁ గానఁబడినఁగాని విలుకాఁడు నారి విడువరాదు. తన యమ్ము ప్రాణముతోనున్న మేన నాటుకొని యడవిలోఁ దిరుగుచుండఁగా దానిని వేసినవాఁ డింట నన్నము ముట్టరాదు. దెబ్బతిన్న మృగమును వెదకి దాని బాధ తీర్చి యమ్మును మరలఁ దెచ్చి నల్లగుండ్లమ్మ గద్దెమీఁదఁ బెట్టిననాఁడు పూజారి వానిని "కనుఱెప్పఁ జూచి విడిచితివా?" యని యడుగును. "చూచి విడిచితి" నని వాఁడు చెప్పును. అంతట డప్పులు మ్రోగును. ఆ ప్రశ్నకు వేఱొక సమాధానము కలదని యెవ్వరును దలంచి యెఱుఁగరు. అమ్మును దేలేనివాఁడు మాత్రము తన విల్లు గద్దెమీఁదఁ బెట్టి బ్రతికినన్నాళ్లు మరల నారి ముట్టరాదు.

ఇట్టి పాళెమునకు నాయకుఁడైన గాదిలింగనాయనికి నా యేఁడు చలికాలమునుండి కన్నులయందుఁ బలుచని పొర యొకటి క్రమ్ముకొనుచుండెను. మొదట నది పొగమంచనుకొనెను. మంచు విడిచిన తరువాత దుమ్మనుకొనెను. ఎండలు ముదిరిన తరువాత ననుకొనుట కేమియు మిగులలేదు. కొండ కొండవలెనే యుండెను. చెట్టు చెట్టువలెనే యుండెను. కొమ్మమీఁది పిట్టకు మాత్రము ఱెక్కల యంచులు చెఱిగిపోయెను. ఈ సంగతి యతఁ డెవ్వరికిని జెప్పలేదు. చిరకాలాభ్యాసమువలన మృగముయొక్క నడకయు నిలుకడయు మెడవంపును మసకరూపమునందే పోల్చుకొని కన్ను చూడనిదానిని మనసుచేఁ బూరించుకొని యమ్ములు వేయుచుండెను. అవి తగులుచుండెను. తగులుచున్నంతకాలము తప్పు తప్పుగాఁ దోఁపదు గదా.

అతని భార్య మారెక్క మేనమామ కూఁతురే. తన యమ్ములకు నీఁక లెన్నఁడును బరులచేఁ గట్టనీయనివాఁ డా యేఁడు నారపోఁగు నామె చేతికిచ్చి నీవు కట్టుమని యావలికిఁ బోవుట చూచి యామె యేదో గ్రహించెను. గ్రహించియు నడుగలేదు. మగవాఁడు దాఁచుకొన్నదానిని మనము బయటికి లాగిన వాఁడే పగిలిపోవునని యామె భయము. ఇట్లు భర్త చెప్పకయు భార్య యడుగకయు నొకే చూరుక్రింద నొకే రహస్యమును జెఱియొక కొనఁ బట్టుకొని కాలము గడపుచుండిరి.

ఆ దినములలో నల్లగుండ్లమ్మ కొలుపునకుఁ జింతలపాళెమునుండి చుట్టములు వచ్చియుండిరి. వారిలో విరుపన్న యనువాఁడు మంచి విలుకాఁడు. అంతకంటె మంచి మాటకారి. గాదిలింగనాయని విలువిద్యను జెవులతో వినుటయేగాని కన్నులతోఁ జూచు భాగ్యము తమకుఁ గలుగలేదనియు నాకాశమున వాన వ్రేలాడుచున్నదిగాన నా భాగ్య మిఁకఁ గలుగఁబోదనియు నతఁడు పదేపదే పలుకఁగా మారెక్క తమ్ముఁడు సుంకన్న యుబ్బితబ్బిబ్బై బావ విల్లు తెచ్చి బావ చేతఁ బెట్టెను. వలదనుటకు గాదిలింగనాయనికి నోరు రాలేదు. వలదన్నచో నేల యని యడుగుదురు. ఆ ప్రశ్నకే యతఁడు చలికాలమునుండి వెఱచుచుండెను.

కనుమ దిగువను రెండుకొండల నడిమి యిఱుకునఁ బచ్చిక మిగిలియున్న పల్లమున దుప్పులగుంపు మేయుచుండెను. సుంకన్న వ్రేలితోఁ జూపెను. విరుపన్నయు వాని తోడివారును బండలచాటున నూపిరి బిగఁబట్టి కూర్చుండిరి. గాదిలింగనాయనికిఁ బచ్చనిదానిపై నెఱ్ఱని మసకలు గొన్ని కదలుచున్నట్లు తోఁచెను. అందొక మసక తక్కినవానికి నెడముగా నిలిచెను. దానికి మెడ యెచ్చటనో మూఁ పెచ్చటనో యతఁడు మనసులోనే యేర్పఱచుకొనెను. మఱికొంత దూరము ప్రాఁకిపోయినఁ గనుఱెప్ప కాకున్నను గన్నైనఁ గానఁబడునేమో. అంతలో నిలుకడలేని గాలి వెనుకనుండి వీవసాఁగెను. ఇంకొకింత యాలసించినచో గుంపు మనుష్యగంధమును బసిగట్టి బెదరును. చుట్టములు నవ్వుదురు. గాదిలింగనాయఁడు నారి చెవిదాఁక లాగి విడిచెను.

నారి మ్రోఁత యమ్ముకంటె ముందుఁ బోవును. ఆ మ్రోఁతకు దుప్పి మేను క్రుంగించి యొకింత ముందునకు మెదలెను. మూఁపువెనుకఁ దగులవలసిన యమ్ము కడుపునఁ దగిలెను. ఆ తాఁకుడు గాదిలింగనాయని చెవికి స్పష్టముగా వినఁబడెను. ప్రక్కటెముకలపైఁ దగిలిన యమ్ము ఎండుకట్టె విఱిగినట్లు పలుకును. ఇది చాకిరేవు బండపైఁ దడిబట్ట వైచినట్లు పలికెను. విరుపన్న సెబాసని యతని వీఁపు చఱచెను. గుంపు చెల్లాచెదరై పాఱిపోయెను. దెబ్బతిన్న దుప్పి మాత్రము దుముకక వీఁపు వంచి తోఁక దిగవిడిచి మెల్లమెల్లగా నడచుచుఁ బొదలలోనికిఁ బోయెను. ఆ నడకను గాదిలింగనాయఁడు చూడలేదు. సుంకన్న చెప్పఁగా వినెను.

కడుపున దెబ్బతిన్న మృగమును వెంటనే తఱుమరాదు. తఱుమకున్న నది సమీపముననే పండుకొని యొడలు మొద్దువాఱి యక్కడనే ప్రాణము విడుచును. తఱిమినచో నెచ్చటిదో సత్తువ తెచ్చుకొని కొండలు దాఁటి పోయి చచ్చుచు బ్రతుకుచుఁ జిరకాలము హింసపడును. అందుచేతనే పూర్వులు కూర్చుండుటను గూడ వేఁటలో నొక భాగముగా విధించిరి. ఎదుటి బండనీడ యెండినవాఁగు నడుమకుఁ బోవువఱకు నెవ్వరును లేవరాదని చెప్పి గాదిలింగనాయఁడు కూర్చుండెను. సుంకన్న దుప్పి నిలిచినచోటి కేఁగి నెత్తురంటిన యాకొకటి తెచ్చి యిచ్చెను. అతఁడు దానిని జూడక మూర్కొనెను. నెమరుపసరు కంపు కొట్టెను. చూడకయే చెప్పఁగల విద్య యిది యని చుట్టము లబ్బురపడిరి. ఆకుపైని రంగు తనకుఁ గానరాలేదని యతఁ డెట్లు చెప్పును?

కూర్చుండుట యింత కష్టమని యతని కంతకుమున్నెన్నఁడును దెలియదు. మబ్బు వచ్చి సూర్యుని మ్రింగెను. బండకు నీడయే లేకపోయెను. లేని నీడ వాఁగునడుమకుఁ బోవుట యెన్నఁటికి? దూరమున నుఱిమెను. వాన వచ్చినచో నెత్తుటిజాడ కొట్టుకొనిపోవును. తాము లేచినచో మృగమును లేచును. కూర్చున్నను దోషమే. లేచినను దోషమే. అతఁడు పిడికెఁడు గులకఱాళ్లు చేతఁ బట్టి యొక్కొక్కటిగాఁ బ్రక్కకుఁ బెట్టెను. మరల నన్నియుఁ బ్రోవుచేసెను. అంబులపొది విప్పెను. కట్టెను. విరుపన్న యాకాశమువంకఁ జూచి తమ పాళెమున దెబ్బతిన్నదానిని వానపాలు చేయు వాడుక లేదని పైకి వినఁబడునట్లే తనవారితోఁ బలికెను. అతనిది చెడుబుద్ధి కాదు. ఆ మూగప్రాణిపై జాలిపడియే పలికెను. జాలికి నొక్కొకపుడు తొందర యెక్కువ. తొలిచినుకు ముంజేతిపైఁ బడినతోడనే గాదిలింగనాయఁడు లేచెను.

సుంకన్న ముందు నడచుచు నాకులపై నెత్తురు చూపుచుండఁగా గాదిలింగనాయఁడు వెనుక నడచుచు నౌననుచుండెను. నిలువెత్తు రెల్లు పెరిగిన యొక గుంటయొద్ద సుంకన్న ఆఁగెను. గడ్డి నలిఁగి పడకవలె నుండెను. గాదిలింగనాయఁడు మోకరిల్లి యఱచేయి యా గడ్డిపై నుంచెను. వెచ్చగా నుండెను. ఇప్పుడే లేచి పోయినది. ఇంకొకింత సేపు తాము కదలకుండిన నది యిక్కడనే కన్నుమూసియుండెడిది. ఆ వెచ్చఁదనముపైనుండి చేయి తీయుట కతనికి మనసొప్పలేదు. తన తొందర రెండవ యమ్మై దానిని దఱుముచున్నదని తోఁచెను. అంతలో వాన కుండపోతగాఁ గురిసెను. ఆకులు కడుగఁబడెను. జాడ పోయెను. చుట్టములు తడిసిన తలలతోఁ బాళెమునకు మరలిరి. అంత మాటకారియగు విరుపన్నయు నోరు విప్పలేదు. ఏమైన ననినఁ బాగుండునని గాదిలింగనాయనికిఁ దోఁచెను.

దారిలో సుంకన్న బావను గొంచె మెడముగాఁ దీసికొనిపోయి మెల్లఁగాఁ బలికెను.

"బావా, నీ యమ్ములన్నియు మా యక్క కట్టినవే గదా. అందొకదాని ములికికిఁ గోడినెత్తురు పూసి రేపు గద్దెమీఁదఁ బెట్టినఁ గాదనువాఁ డెవఁడు? దుప్పిని రేచుకుక్కలు తిన్నవని చెప్పుదము. నీ విల్లు పోయినచో నీ పాళెమున నేనెవరి వెనుక నడవవలయును?"

వాని కన్నులలో నీరు నిండెను. అది కుట్ర గాదు. ప్రేమ. ప్రేమ చెప్పిన మాట గావుననే త్రోసివేయుట కష్టమయ్యెను. గాదిలింగనాయఁడు తడిసిన నారిని విప్పి నడుముగుడ్డలోఁ జుట్టుకొని నడచెను.

ఇంటఁ బొయ్యి రాఁజుచుండెను. మారెక్క రాగిసంకటియు నెఱ్ఱగడ్డ కారమును ముందుంచెను. ముట్టఁడని తెలిసియు నుంచెను. అతఁడు ముట్టలేదు. గోడకుఁ జేరఁగిలఁబడి కూర్చుండెను. లేచెను. వాకిటికిఁ బోయి వానను జూచెను. మరల వచ్చి కూర్చుండెను. దుప్పి కదలకుండినచో నమ్ము తప్పియుండదు గదా యని కొంతసేపు దానిపై నేరము మోపెను. గాలిపై మోపెను. విరుపన్న నోటిపై మోపెను. ఏ నేరమును వానిపై నిలువక తిరిగి తిరిగి తన గడపకే వచ్చుచుండెను. ఆ వానలో నెచ్చటనో తన యమ్మును మోయుచు నొక ప్రాణి నిలువలేకయుఁ బడలేకయు నున్నదని తలంచుచుండెను. మారెక్క సంకటికి మూఁతవేసి యతని యెదుటఁ గూర్చుండెను.

"బావా, దాని కనుఱెప్ప నీకుఁ గానఁబడలేదు" అనెను.

అతఁడు పొయ్యివంకఁ జూచి యెంతకాలమునుండి యెఱుఁగుదువని యడిగెను.

"నారపోఁగు నా చేతికిచ్చిననాఁటినుండి. నీవే చెప్పుదువని చూచుచుంటిని. ఆనాఁడే నేనడిగియుండిన నా దుప్పి యిప్పు డెచ్చటనో మేయుచుండును. తెల్లవాఱఁగానే నేనును నీతో వచ్చెదను."

"బోయపడఁతులు వేఁటకు రారు మారీ."

"ఇది వేఁట కాదు బావా. వెదకుట."

తెల్లవాఱుసరికి వాన వెలిసెను. ప్రభాతారుణకిరణస్పర్శచే జలబిందుసందోహభాసురములైన తరుశాఖలు గాలి సోఁకినపుడెల్ల నీరు విదిలించుచుండుటవలన నడవియంతట నేదో నడచుచున్నట్లు వినఁబడుచుండెను. ప్రతి చప్పుడునకును గాదిలింగనాయఁ డదరిపడుచుండెను. బయలుదేఱునపుడు సుంకన్న వాకిటికి వచ్చి తానును వత్తుననఁగాఁ జుట్టములయొద్ద నుండుమని చెప్పి వానిని బంపివైచెను. వానియెదుటఁ దడుముకొనుచు నడచుట కతఁ డింకను సిగ్గుపడుచుండెను. ఆఁకలిచేఁ గడుపు మండుచుండెను. అది బాధగాఁ దోఁపలేదు. మండకపోయినచోఁ దోఁచియుండును.

కడుపున మంటపుట్టిన మృగము కొండ యెక్కదు. పల్లమునకు దిగి నీటిని వెదకును. కాని నిన్నటివానకుఁ బల్లమెల్ల నీరే యయ్యెను. అందు దాఁగుటకుఁ బొదయుఁ గదలక నిలిచిన నీరును నొక్కచోట నుండునది పులివంకవాఁగు మాత్రమే యని యతఁడు తలపోసెను. వాన యాకుల పైభాగములను గడిగెనుగాని యడుగుభాగములను గడుగలేదనియు దూఱిపోవు మృగముయొక్క నెత్తురు వంగిన యాకుల యడుగున నంటుననియు భార్యకుఁ దెలిపెను. ఆమె వంగి యాకులను దిరుగవేసి చూచుచు నడచెను. ఆమెకుఁ జూపు కలదు. ఎచ్చటఁ జూడవలయునో తెలియదు. అతనికిఁ దెలియును. చూపు లేదు. ఇట్లిరువురును గలిసి యొక్క వేఁటకానివలె నడచిరి. ఒక బలుసుపొదలో నాకు వెనుకఁ దుప్పువంటి మరక నామె చూపెను. అతఁడు వ్రేలితోఁ దడిమి మూర్కొని తలయూఁచెను. తరువాతఁ జాలసే పేమియు దొరకలేదు. పోయిన త్రోవనే మరలిరి. మరల వెదకిరి. ఒకమా ఱామె చూచినది యెఱ్ఱమన్నయ్యెను. ఒకమా ఱతఁడు విన్నది యుడుత యయ్యెను. ప్రొద్దు నడినెత్తికి వచ్చుచుండఁగా నతఁడు పిచ్చివానివలెఁ బొదలు విఱుచుకొని ముందునకుఁ బడఁబోయెను. మారెక్క యతని పంచెకొంగు పట్టి నిలిపి నిన్నయు నిట్లే గదా తఱిమితివని మెల్లఁగా ననెను. అతఁడు నిలిచి యూపిరి తీసికొని మరల నాకుల యడుగునుండియే మొదలుపెట్టెను.

పులివంకలోఁ దుంగ మొలచిన యొక మడుఁగుగట్టున మారెక్క యాఁగి యతని చేయి పట్టుకొని అదిగో యనెను. గాదిలింగనాయనికిఁ దుంగ కానఁబడెను. బండ కానఁబడెను. నీటిమీఁది వెలుఁగు కానఁబడెను. దుప్పి కానఁబడలేదు. ఎచ్చట నని యడిగెను. ఆమె వ్రేలు చాఁచెను. ఆ వ్రేలివెంబడిఁ జూచినను దుంగయే. ఏదో యొకటి వెంటనే చేయవలయునన్న తపన యతనిని బట్టి యూఁపెను. నడుముగుడ్డలోని నారి తీసి విల్లెక్కిడి యమ్ము తొడిగి యామె చూపిన దిక్కునకు లాగెను. మారెక్క యా చేతిపైఁ దన చేయి వైచెను.

"వలదు బావా. అది లేవఁజాలదు. దగ్గఱకుఁ బొమ్ము."

విల్లు దూరముననుండి చంపుటకుఁ బుట్టినది. దూరముననుండి చంపినవాని చేతికి నెత్తురంటదు. వాఁడు దేని ముఖమును జూడనక్కఱలేదు. ఆ దూరమునకుఁ బెద్దలు కనుఱెప్పను హద్దుగాఁ బెట్టిరి. గుఱి తప్పకుండుటకే యా హద్దని గాదిలింగనాయఁ డంతవఱకుఁ దలంచుచుండెను. చంపఁబోవుదాని ముఖము నొక్కసారియైనఁ జూడుమని చెప్పుటకే వారట్లు పెట్టియుందురని యా మడుఁగుగట్టున నతనికిఁ దోఁచెను. ఆ తోఁచునది నిన్ననే తోఁచియుండిన నెంతయో బాగుండెడిది.

విల్లు భార్యచేతికిచ్చి మొలనుండి కత్తి తీసి మోకాళ్లపైఁ బ్రాఁకుచుఁ బోయెను. చేయి చాఁచినఁ దగులునంత దగ్గఱకు వచ్చినపుడు మసకలోనుండి దుప్పి వెలువడెను. అది ముందుకాళ్లపై లేవఁబోయి కూలెను. మఱి లేవలేదు. రాత్రియెల్ల నీటికొఱకు మెడ చాఁచి చాఁచి పెనఁగులాడినట్లు బురదలోని గీఁతలు తెలుపుచుండెను. నీరు మూరెఁడు దూరమున నుండెను. అందలేదు. గాదిలింగనాయఁడు దోసిట నీరు తెచ్చి దాని మూతికడఁ బట్టెను. త్రాగెనో లేదో తెలియదు. అప్పుడు చూచెను. నల్లని కన్ను. దానిపై నీటిచుక్క నిలిచిన ఱెప్ప. ఆ ఱెప్ప మెల్లఁగా వాలెను. మరల లేచెను. చలికాలము తరువాత నతఁడు స్పష్టముగాఁ జూచిన మొదటి కన్నదియే. ఏడ్చినచోఁ జేయి తప్పునుగాన నేడువక చేయవలసినది చేసెను. చేసిన తరువాత దాని మెడపైఁ దల యాన్చి యేడ్చెను. మారెక్క వారింపలేదు.

అమ్ము విఱిగి కడుపులో నుండెను. దానిని దీసి ఱాళ్లతో మేను గప్పి యిరువురును బాళెము చేరుసరికి సాయంకాలమయ్యెను. బావ చేత విఱిగిన యమ్మును జూడఁగానే సుంకన్న వీధిలో గంతువేసెను. డప్పులవాండ్రు మంటకు డప్పులు కాఁచుకొని సిద్ధపడిరి. చుట్టములు గద్దెచుట్టుఁ జేరిరి. వానకుఁ గొట్టుకొనిపోయిన జాడనుండి మృగమును బట్టినవాఁడు పుడమిలో మఱియొకఁడు లేఁడని విరుపన్న నిన్న మ్రింగిన మాటలకుఁ గూడఁ గలిపి పొగడఁజొచ్చెను. పూజారి కెంచప్ప మిక్కిలి ముసలివాఁడు. అమ్మును గద్దెమీఁదఁ బెట్టించి వాడుకచొప్పునఁ గన్నులు మూసికొని రాగమెత్తి యడిగెను.

"గాదిలింగా, కనుఱెప్పఁ జూచి విడిచితివా?"

డప్పుకఱ్ఱలు లేచెను. అవునన్నఁ జాలును. అమ్ము దొరకినది. విల్లు నిలిచినది. తెలిసిన యొక్కతె తలవంచుకొని కొంగు వ్రేలికిఁ జుట్టుకొనుచుండెను. ఆమె యెన్నఁడును జెప్పదు. విల్లు భుజమున వ్రేలాడుచుండెను. ఊహ తెలిసిననాఁటినుండి దాని బరువు లేని భుజ మెట్లుండునో యతఁ డెఱుఁగఁడు. ఒకచేతితో దానిని దడిమెను.

"చూడలేదు" అనెను. "నిన్న చూడలేదు. ఈ యేఁడు నేను గొట్టిన యే మృగముయొక్క కనుఱెప్పయుఁ జూడలేదు. నా కన్నులకుఁ బొర వచ్చినది. దాఁచితిని."

డప్పుకఱ్ఱలు లేచినవి లేచినట్లే నిలిచెను. కెంచప్ప కన్నులు తెఱచెను. అవునను మాటకుఁ దరువాత నేమి పలుకవలయునో యతనికిఁ దాతలు నేర్పిరి. కాదను మాటకు నేర్పలేదు. గాదిలింగనాయఁడే యమ్మును దేలేనివాని విధిని దనకు విధించుకొని విల్లు దించి నారి సడలించి గద్దెమీఁద నమ్ముప్రక్కనే పెట్టెను. తన తరువాత విలుకాండ్రకు సుంకన్న నాయకుఁడనియు వాని విల్లు వానియొద్దనే యుండునుగాన దీని నెవ్వరును ముట్టనక్కఱలేదనియుఁ జెప్పెను. సుంకన్న ముందునకు రాలేదు. నిన్న దారిలోఁ దానన్న మాట తలఁపునకు వచ్చి ముఖ మెత్తలేక నిలిచెను. గాదిలింగనాయఁడే వానియొద్దకుఁ బోయి వానికి మాత్రము వినఁబడునట్లు పలికెను.

"నీవు ప్రేమచేతఁ జెప్పితివి. నాకది రుచించినది. రుచించినది గావుననే యిప్పు డిందఱిలోఁ జెప్పవలసివచ్చినది."

అట్లు పలికి యింటికిఁ బోయి మూఁతవేసియున్న నిన్నటి సంకటిని జల్లలో నలుపుకొని త్రాగెను. మారెక్క వేఱుగా వండెదనన్నను వినలేదు. ఆ మఱునాఁడు పాళెములో నడివయసు దాఁటిన విలుకాండ్రు కొంద ఱొంటరిగా నిలిచి దూరమునఁ గట్టివేసిన మేఁకల ముఖములవంకఁ దేఱిచూచుచుండిరనియు వారిలోఁ జింతలపాళెపు విరుపన్నయు నుండెననియుఁ జెప్పుదురు. ఎవ్వరి కేమి కానఁబడెనో యెవ్వరును జెప్పుకొనలేదు.

వానకాలము గడచి శరచ్చంద్రికాధవళకాశకుసుమశోభితములైన వాఁగుగట్టులతో నల్లగుండ్ల కనుమలు మరల మనోహరములయ్యెను. ఒకనాఁటి ప్రాతఃకాలమున సుంకన్న విలుకాండ్రతో వేఁటకు వెడలెను. గాదిలింగనాయఁడు చేతికఱ్ఱతో వెనుక నడచెను. విల్లు లేని భుజ మతని కింకను దేలికగానే యుండెను. ఊరకుండలేక మాటిమాటికి దానిని సవరించుకొనుచుండెను. ఆ పల్లముననే దుప్పులు మేయుచుండెను. సుంకన్న బండచాటున మోఁకరించి నారి లాగెను. వాని కణఁతపైఁ జెమట పట్టెను. వెనుకనున్న విలుకాండ్ర చూపు లన్నియు వాని చేతిపై నుండెను. నాయకుఁడై వాఁడు వేయు మొదటి యమ్ము అది. గాలి మెల్లఁగాఁ దిరుగఁజొచ్చెను. గాదిలింగనాయఁడు వాని భుజముపైఁ జేయి వైచి చెవిలో నడిగెను.

"ఱెప్ప కానఁబడుచున్నదా?"

సుంకన్నకు లాగిన చేయి నొచ్చుచుండెను. విడిచినఁ దగులునేమో. తగులునని చేయి చెప్పుచుండెను. ఇంకొకింత సేపు చూచెను.

"కన్ను కానఁబడుచున్నది బావా. ఱెప్ప కానరాదు."

అట్లని నారి మెల్లఁగా సడలించెను. గాలి పూర్తిగాఁ దిరిగెను. దుప్పులు మోరలెత్తి మనుష్యగంధమును బసిగట్టి కదలెను. వెనుకనున్నవారిలో నెవరో నిట్టూర్చిరి. గాదిలింగనాయఁడు కన్నులు మూసికొని వినుచుండెను. గిట్టల చప్పుడు ఱాతినేలపై నేదియుఁ గుంటువడక యేదియు నీడ్వక సమముగాఁ గనుమ నెక్కి దూరమై దూరమై యడఁగిపోయెను. అది పూర్తిగా నడఁగువఱకు నతఁడు సుంకన్న భుజముపైనుండి చేయి తీయలేదు.